లిబ్రెఆఫీస్‌లో బాహ్య జావా లైబ్రరీల వినియోగం: భూసార, క్షేత్ర ప్రయోగ దత్తాంశాల దృష్ట్యా పరిశీలన

వ్యవసాయ పరిశోధనా స్థానాలలోను, కృషి విజ్ఞాన కేంద్రాలలోను, భూసార పరీక్షా ప్రయోగశాలలలోను సేకరించే దత్తాంశంలో అధిక భాగం నేటికీ స్ప్రెడ్‌షీట్లలోనే నమోదవుతోంది. 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభమైన నేల ఆరోగ్య పత్రాల పథకం ప్రకారం ప్రతి నమూనాకు ఉదజని సూచిక, విద్యుద్వాహకత, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ అనే 12 అంశాలు నిర్ధారించబడతాయి. వెయ్యి నమూనాలకు 12,000 విలువలు. వాటిని వర్గీకరించి, ఎరువుల మోతాదు గణించి, ఒక్కొక్క రైతుకు ఒక్కొక్క పత్రంగా ముద్రించవలసి ఉంటుంది. ఈ క్రమంలో స్ప్రెడ్‌షీట్ సూత్రాలు ఒక దశ వరకే సరిపోతాయి. ఆ దశ దాటిన తరువాత, ఇతరులు వ్రాసి పరీక్షించి ఉంచిన జావా లైబ్రరీలను కార్యాలయ అనువర్తనంలోనికి తెచ్చుకొని వాడుకొనవచ్చునా అన్న ప్రశ్న సహజంగా ఎదురవుతుంది. ఉచితంగా లభించే లిబ్రెఆఫీస్‌ను ఆధారంగా తీసుకొని ఈ ప్రశ్నను ఇక్కడ పరిశీలించడమైనది.

జావాకు ఈ అనువర్తనంలో గల స్థానం

లిబ్రెఆఫీస్ పూర్వరూపమైన స్టార్‌ఆఫీస్‌ను తయారుచేసిన జర్మన్ సంస్థ స్టార్ డివిజన్‌ను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుగోలు చేసింది. 2000లో దాని మూలరచన ఓపెన్‌ఆఫీస్.ఆర్గ్ పేరుతో బహిర్గతమయింది. 1995లో జావా భాషను విడుదల చేసినదీ సన్ సంస్థయే. కనుక ఒకే ఇంటి బిడ్డలైన ఈ రెండింటి మధ్య మొదటినుంచీ రాకపోకలు ఏర్పడ్డాయి. 2010 సెప్టెంబర్ 28న డాక్యుమెంట్ ఫౌండేషన్ ఏర్పడి లిబ్రెఆఫీస్ వేరుపడిన తరువాత జావా మీద ఆధారపడిన భాగాలు క్రమంగా తగ్గుతూ వచ్చాయి. నేడు రైటర్, కాల్క్ మొదలైన ప్రధాన భాగాలు సీ ప్లస్ ప్లస్‌లో వ్రాయబడినవి. కంప్యూటర్‌లో జావా లేకున్నా అవి నడుస్తాయి. జావా తప్పనిసరిగా కావలసినవి కొన్ని మాత్రమే: బేస్‌లో అంతర్నిహితంగా ఉండే హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ దత్తాంశ నిధి, నివేదికల రూపకల్పన సాధనం, అరేఖీయ గణనలకు ఉపకరించే సాల్వర్, జావా మాక్రోలు, జేడీబీసీ అనుసంధానం.

అనువర్తనానికి, బయటి భాషలకు మధ్య వంతెనగా నిలిచేది యూనో అనే విభాగాల నమూనా. పత్రం, పట్టిక, గడి, పేరా, శైలి మొదలైన ప్రతిదీ యూనోలో ఒక వస్తువుగా కనిపిస్తుంది. జావాలో వ్రాసిన కార్యక్రమం ఈ వంతెన మీదుగా గడిలోని విలువను అడిగి తెచ్చుకొంటుంది, లెక్కించి తిరిగి వ్రాస్తుంది. బాహ్య లైబ్రరీకి యూనో గురించి తెలియనవసరం లేదు. ఆ రెండింటినీ కలిపే కొద్ది పంక్తుల రచన మాత్రమే వినియోగదారుడు సమకూర్చుకొనవలసినది.

అయితే లైబ్రరీ కోసం వెదకడానికి ముందు, కోరిన పని అనువర్తనంలో ఇదివరకే ఉన్నదేమో చూచుట మేలు. నమూనా సంచులపై అంటించే చీటీలకు క్యూఆర్ సంకేతాలు కావలసి వచ్చినపుడు జీఎక్సింగ్ అనే జావా లైబ్రరీ వైపు చూపు మళ్ళడం సహజమే. కాని లిబ్రెఆఫీస్ 6.4 నుండి క్యూఆర్ సంకేతాలను సృష్టించే సౌకర్యం అనువర్తనంలోనే లభిస్తోంది. ఎఫ్, టీ విభాజనాల సందిగ్ధ విలువల కోసం అపాచీ కామన్స్ మ్యాథ్ లైబ్రరీని తెచ్చుకొనేవారూ ఉన్నారు. అవి కాల్క్ ఫంక్షన్లలోనే ఉన్నాయి. ఒక కారకపు, రెండు కారకాల విస్తృతి విశ్లేషణ కూడ 'డేటా' పట్టీలోని గణాంక విభాగంలో ఉన్నది. ప్రతి బాహ్య లైబ్రరీ ఒక శాశ్వత నిర్వహణ బాధ్యతను వెంట తెస్తుంది. ఆ బాధ్యతకు తగిన ప్రయోజనం లేనపుడు దానిని చేర్చకుండుటయే ఉచితం.

మొదటి మార్గం: క్లాస్ పాత్, దత్తాంశ నిధి

బాహ్య లైబ్రరీని చేర్చడానికి అతి సులభ మార్గం అనువర్తనపు క్లాస్ పాత్‌లో జార్ ఫైలు పేరును నమోదు చేయడం. 'టూల్స్', 'ఆప్షన్స్', 'లిబ్రెఆఫీస్', 'అడ్వాన్స్‌డ్' అనే వరుసలో వెళితే వాడుకలో ఉన్న జావా పరిసరం, దాని దిగువన క్లాస్ పాత్ మీట కనిపిస్తాయి. ఇక్కడ జార్ ఫైలును గాని, సంచయాన్ని గాని చేర్చవచ్చు. సంచయాన్ని చేర్చినపుడు అందులోని క్లాస్ ఫైళ్ళు మాత్రమే గుర్తించబడతాయి, జార్ ఫైళ్ళు గుర్తించబడవు. కనుక అయిదు జార్లుంటే అయిదింటినీ విడివిడిగా చేర్చవలసినదే. మార్పు చేసిన తరువాత అనువర్తనాన్ని పూర్తిగా మూసి తిరిగి తెరవాలి. నేపథ్యంలో క్విక్‌స్టార్టర్ నడుస్తూ ఉంటే పైకి మూసినట్లు కనిపించినా నిజానికి మూతపడదు.

ఈ మార్గం యొక్క ముఖ్య ప్రయోజనం జేడీబీసీ చోదకాల విషయంలో. భూసార పరీక్షల దత్తాంశాన్ని బేస్‌లో భద్రపరచే ప్రయోగశాలలు సాధారణంగా అంతర్నిహిత హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీతోనే ప్రారంభిస్తాయి, అదనంగా ఏమీ స్థాపించనవసరం లేదు కనుక. ఇందులో దాగి ఉన్న ప్రమాదాన్ని ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. అంతర్నిహిత పద్ధతిలో పట్టికలన్నీ ఒకే ఓడీబీ ఫైలులో, జిప్ మూటగా ఉంటాయి. ఫైలు తెరిచినపుడు మూట విప్పబడుతుంది. భద్రపరచినపుడు లేదా మూసినపుడు తిరిగి కట్టబడుతుంది. నమోదు సాగుతున్న వేళ విద్యుత్తు పోయినా, అనువర్తనం అర్ధాంతరంగా ఆగినా అప్పటి వరకు చేర్చిన నమోదులు పోవచ్చు. మూట కట్టే క్షణంలోనే అవాంతరం వస్తే మొత్తం ఫైలే తెరుచుకొనకపోవచ్చు. ఖరీఫ్‌కు ముందు రోజుకు వందల నమూనాల చొప్పున నమోదు చేసే ప్రయోగశాలకు ఇది చిన్న నష్టం కాదు. నమూనా మట్టి పారవేసిన తరువాత పోయిన విలువను తిరిగి సంపాదించే దారి లేదు.

దత్తాంశాన్ని ఓడీబీ ఫైలు నుండి వేరుచేసి బయట ఉంచడం ఇందుకు పరిష్కారం. హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ 2 శ్రేణికి చెందిన జార్ ఫైలును క్లాస్ పాత్‌లో చేర్చి, బేస్‌లో కొత్త నిధిని జేడీబీసీ అనుసంధానంగా ప్రారంభించి, దత్తాంశపు చిరునామాను, చోదకపు క్లాస్ పేరును ఇవ్వాలి. క్లాస్ పేరు పక్కనే ఉండే పరీక్షా మీటను నొక్కి చోదకం దొరికినదో లేదో తెలుసుకొనవచ్చు. చిరునామా చివర 'షట్‌డౌన్=ట్రూ' అనే అంశాన్ని చేర్చడం మరువరాదు. చివరి అనుసంధానం తెగినపుడు నిధి క్రమపద్ధతిలో మూతపడేలా చేసేది అదే. ఈ పద్ధతిలో ఓడీబీ ఫైలులో ప్రశ్నలు, పత్రరూపాలు, నివేదికలు మాత్రమే ఉంటాయి. పట్టికలు, వాటి మార్పుల చిట్టా విడి ఫైళ్ళలో ఉంటాయి. అర్ధాంతరంగా ఆగినా చిట్టా ఆధారంగా నిధి కోలుకొంటుంది.

ఇక్కడొక మెలిక ఉన్నది. అనువర్తనంతో వచ్చే అంతర్నిహిత హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ 1.8 నాటిది. క్లాస్ పాత్ అనువర్తనం మొత్తానికి ఉమ్మడి. 2 శ్రేణి జార్‌ను అక్కడ ఉంచిన కంప్యూటర్‌లో పాత అంతర్నిహిత ఓడీబీ ఫైలును తెరిస్తే, కొత్త లైబ్రరీయే దానిని చేతికి తీసుకొని కొత్త రూపంలోనికి మార్చివేసే అవకాశమున్నది. అటువంటి ఫైలు పక్క గదిలోని కంప్యూటర్‌లో తెరుచుకొనదు. ఒకే పేరు గల క్లాసులు రెండు రూపాలలో ఉన్నపుడు ఏది ముందుగా దొరికితే అదే పనిచేస్తుందన్న జావా నియమానికి ఇది ప్రత్యక్ష ఉదాహరణ. కావున కొత్త పద్ధతికి మారే కార్యాలయం పాత ఓడీబీ ఫైళ్ళ ప్రతులను ముందుగా వేరే చోట భద్రపరచి, పట్టికలను తరలించిన తరువాతనే క్లాస్ పాత్‌ను మార్చాలి.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మరియాడీబీ వంటి సర్వర్ నిధులు వాడే సంస్థలకు బేస్‌లో జావా అవసరం లేని స్వంత అనుసంధానాలు ఉన్నాయి. అక్కడ జేడీబీసీ రెండవ ఎంపికగా ఉండుటయే సబబు.

అనుసంధానం విఫలమైనపుడు కారణం చాలసార్లు లైబ్రరీలో ఉండదు. 64 బిట్ల లిబ్రెఆఫీస్‌కు 64 బిట్ల జావా కావాలి. 32 బిట్ల జావా ఎంత సరిగా స్థాపించినా జాబితాలో పనికివచ్చేదిగా కనిపించదు. రెండవ కారణం జావా వయస్సు. జార్‌లోని ప్రతి క్లాస్ ఫైలు తాను ఏ జావా కోసం తయారైనదో తెలిపే సంఖ్యను మోస్తుంది: జావా 8కి 52, జావా 11కి 55, జావా 17కి 61, జావా 21కి 65. దోష సందేశంలో 61 అని కనిపించి కంప్యూటర్‌లో ఉన్నది జావా 8 అయితే లైబ్రరీని తిట్టి ప్రయోజనం లేదు. జావాను మార్చాలి, లేదా అదే లైబ్రరీ యొక్క పాత కూర్పును తెచ్చుకోవాలి.

రెండవ మార్గం: పత్రంతో ప్రయాణించే మాక్రోలు

జావాలో వ్రాసిన మాక్రోను వినియోగదారుని సంచయంలో గాని, పత్రం లోపల గాని ఉంచవచ్చు. బేసిక్ మాక్రోలవలె వీటిని అనువర్తనంలోనే సవరించడం సాధ్యం కాదు. వేరుగా సంకలనం చేసి తేవలసినదే. మాక్రోను, దానికి కావలసిన జార్లను ఒక సంచయంలో చేర్చి, వాటి జాబితాను పార్సెల్ వివరణ పత్రంలో ఇస్తారు. ఆ వివరణలోని క్లాస్ పాత్ ఆ పార్సెల్‌కు మాత్రమే చెందుతుంది. అనువర్తనపు ఉమ్మడి క్లాస్ పాత్‌ను అది కలుషితం చేయదు. పైన చెప్పిన హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ చిక్కు వంటిది ఇక్కడ ఎదురు కాదు.

పత్రం లోపలే లైబ్రరీ ఉండుట సౌకర్యంగా తోచినా, ఆ సౌకర్యాన్ని అనుమానంతో చూడవలసి ఉన్నది. జావా మాక్రోకు కంప్యూటర్‌పై వినియోగదారునికి గల హక్కులన్నీ ఉంటాయి. ఫైళ్ళు చదవగలదు, తుడిచివేయగలదు, అంతర్జాలంలోనికి పంపగలదు. మండల స్థాయి నుండి ఈమెయిలులో వచ్చిన ఓడీఎస్ ఫైలును తెరిచిన వెంటనే మాక్రోలను అనుమతించడం, అపరిచితునికి ప్రయోగశాల తాళం చెవులిచ్చినట్లే. మాక్రో భద్రతను సాధారణంగా ఉండే 'హై' స్థాయిలోనే ఉంచి, సంస్థకు చెందిన ఒక నిర్ణీత సంచయాన్ని మాత్రమే విశ్వసనీయ స్థానంగా నమోదు చేయుట ఆచరణయోగ్యమైన పద్ధతి. మాక్రో పనిచేయుటలేదని స్థాయిని 'లో'కు దించే అలవాటు కార్యాలయాలలో కనిపిస్తుంది. సమస్య తీరినట్లనిపించినా తలుపు తెరిచే ఉంటుంది.

మూడవ మార్గం: ఎక్స్‌టెన్షన్

విస్తరణ అనే మాట ఈ పాఠకులకు వేరొక అర్థంలో సుపరిచితం కనుక ఇక్కడ ఎక్స్‌టెన్షన్ అన్న వ్యవహారమే వాడడమైనది. ఓఎక్స్‌టీ అనే జిప్ మూటలో జావా విభాగం, బాహ్య జార్లు, వివరణ పత్రాలు అన్నీ కలిసి ఉంటాయి. ఒకసారి స్థాపిస్తే ఆ కంప్యూటర్‌లోని పత్రాలన్నింటికీ అందుబాటులోనికి వస్తుంది. విద్యార్థులు దీనిని అర్థం చేసుకొనుటకు వేరే ఉదాహరణ వెదకనవసరం లేదు. లిబ్రెఆఫీస్‌తో పాటు వచ్చే అరేఖీయ సాల్వరే జావా ఎక్స్‌టెన్షన్. స్థాపన సంచయంలోని ఎక్స్‌టెన్షన్ల భాగంలో దాని ఫైళ్ళను చూడవచ్చు. సాల్వర్ విభాగం ఒక జార్‌లోను, పరిణామాత్మక గణన చేసే బాహ్య లైబ్రరీ మరొక జార్‌లోను ఉంటాయి. బాహ్య లైబ్రరీని కార్యాలయ అనువర్తనంలో ఇమిడ్చే సరైన రూపం అదే.

ప్రధాన జార్‌లోని మ్యానిఫెస్ట్ ఫైలు ఇందులో కీలకం. నమోదు క్లాస్ పేరు, తోడు జార్ల క్లాస్ పాత్ అందులోనే ఉంటాయి. జార్ల పేర్ల మధ్య ఖాళీ మాత్రమే ఉండాలి, కామాలు ఉండరాదు. ఒక పంక్తి 72 బైట్లను మించరాదు. మించితే తరువాతి పంక్తిని ఒక ఖాళీతో ప్రారంభించాలి. చివరి పంక్తి తరువాత కొత్త పంక్తి గుర్తు లేకపోతే ఆ చివరి పంక్తిని జావా పట్టించుకొనకపోవచ్చు. ఎక్స్‌టెన్షన్ స్థాపన విజయవంతమై, ఫంక్షన్ మాత్రం క్లాస్ దొరకలేదని మొరాయించిన సందర్భాలలో ముందుగా చూడవలసినది ఈ చిన్న ఫైలునే.

వాతావరణ దత్తాంశంతో పనిచేసే శాస్త్రవేత్తకు ఉపకరించే ఒక ఉదాహరణను తీసుకొనవచ్చు. ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ప్రచురించిన 56వ నీటిపారుదల పత్రంలోని పెన్‌మన్-మాంటీత్ సమీకరణంతో ప్రామాణిక బాష్పీభవన బాష్పోత్సేకాన్ని గణించే కాల్క్ ఫంక్షన్ కావాలనుకొందాం. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, వాస్తవ బాష్ప పీడనం, గాలివేగం, సూర్యకాంతి గంటలు, అక్షాంశం, ఎత్తు, తేదీ ఇస్తే మిల్లీమీటర్లలో విలువ రావాలి. గడుల సూత్రాలతో వ్రాస్తే పదికి పైగా మధ్యంతర వరుసలు అవసరమవుతాయి. వాటిలో ఒకటి చెడినా కనిపెట్టడం కష్టం. జావాలో వ్రాసి ఎక్స్‌టెన్షన్‌గా ఇస్తే ఒకే ఫంక్షన్ మిగులుతుంది.

ఆ ఫంక్షన్‌ను నమ్మడానికి ముందు పరీక్ష కావాలి. పరీక్షకు ఆ 56వ పత్రమే విలువలనిస్తుంది. బ్యాంకాక్‌కు చెందిన ఏప్రిల్ మాసపు ఉదాహరణలో గరిష్ఠ ఉష్ణోగ్రత 34.8, కనిష్ఠం 25.6 డిగ్రీలు, వాస్తవ బాష్ప పీడనం 2.85 కిలోపాస్కల్స్, గాలివేగం సెకనుకు 2 మీటర్లు, సూర్యకాంతి 8.5 గంటలు. ఫలితం రోజుకు 5.72 మిల్లీమీటర్లు. బ్యాంకాక్ అక్షాంశం 13 డిగ్రీల 44 నిమిషాలు, అంటే దాదాపు తిరుపతి అక్షాంశమే. కనుక ఆంధ్ర దక్షిణ మండలాల వారికి ఈ ఉదాహరణ సౌరవికిరణ భాగాన్ని కూడ చక్కగా సరిచూస్తుంది. అంతకన్న చిన్న పరీక్ష: 25 డిగ్రీల వద్ద సంతృప్త బాష్ప పీడనం 3.168 కిలోపాస్కల్స్ రావాలి.

ఈ గణనలో తరచుగా జారిపడే చోటు గాలివేగపు సవరణ. కొలత 2 మీటర్ల ఎత్తులో కాక వేరే ఎత్తులో జరిగితే సంవర్గమానంతో కూడిన గుణకం వాడాలి. 3 మీటర్ల కొలతకు ఆ గుణకం 0.921, 10 మీటర్లకు 0.748. సమీకరణంలోనిది సహజ సంవర్గమానం. జావాలో 'మ్యాథ్.లాగ్' సహజ సంవర్గమానాన్నే ఇస్తుంది. కాల్క్‌లో 'లాగ్' ఆధారం 10తో ఇస్తుంది, సహజ సంవర్గమానానికి 'ఎల్ఎన్' వాడాలి. జావా రచనను చూచి కాల్క్‌లోనికి మక్కీకి మక్కీగా ఎత్తి వ్రాసినవారికి 3 మీటర్ల గుణకం 0.921కి బదులు 2.12 వస్తుంది. గాలివేగం రెండింతలు దాటుతుంది, నీటి అవసరపు అంచనా పెరుగుతుంది, తడుల సలహా తప్పుతుంది. దోష సందేశం మాత్రం ఎక్కడా కనిపించదు.

ఎక్స్‌టెన్షన్ లేని కంప్యూటర్‌లో అటువంటి ఫైలు తెరిచి తిరిగి గణించినపుడు గడిలో '#నేమ్?' అనే సూచన కనిపిస్తుంది. పై అధికారికి పంపే నివేదికలలో ఫంక్షన్ గడులను విలువలుగా మార్చి పంపుట మంచిది. మూల ఫైలును మాత్రం సూత్రాలతో సహా విడిగా ఉంచుకోవాలి.

ఖాళీ గడి, సున్నా

క్షేత్ర ప్రయోగాల దత్తాంశాన్ని లైబ్రరీకి అందించునపుడు గడులను ఒక్కొక్కటిగా అడగకుండా, మొత్తం వ్యాప్తిని ఒకేసారి ద్విపరిమాణ శ్రేణిగా తెచ్చుకోవాలి. ప్రతి ప్రశ్న యూనో వంతెనను దాటవలసి ఉండడం వలన పదివేల గడులకు పదివేల ప్రయాణాలు అవుతాయి. శ్రేణిగా అడిగితే ఒకటే. ఈ శ్రేణిలో సంఖ్య ఉన్న గడి దశాంశ సంఖ్యగాను, అక్షరాలున్న గడి వాక్యంగాను వస్తాయి. ఖాళీ గడి సున్నాగా రాదు, శూన్య వాక్యంగా వస్తుంది. లైబ్రరీలు కోరేది సంఖ్యల శ్రేణిని కనుక, రచయిత దానిని ఏదో ఒక సంఖ్యగా మార్చవలసి వస్తుంది. తొందరలో సున్నా వ్రాస్తారు.

దాని పర్యవసానం గణాంక శాస్త్రం చదివినవారికి వెంటనే తెలుస్తుంది. ఒక రకానికి నాలుగు ఆవృత్తులలో దిగుబడి హెక్టారుకు 52, 48, 50 క్వింటాళ్ళు రాగా, నాలుగవ మడి అడవిపందుల పాలయినదనుకొందాం. మూడింటి సగటు 50. ఖాళీని సున్నాగా తీసుకొంటే సగటు 37.5. మంచి రకం జాబితాలో అడుగుకు పోతుంది. దోష విస్తృతి పెరిగి ఇతర రకాల మధ్య నిజమైన భేదాలు కూడ మరుగున పడతాయి. ఆర్‌బీడీ పద్ధతిలో పోయిన మడికి యేట్స్ సూత్రంతో అంచనా విలువను గణించి, దోషపు స్వతంత్ర పరిమాణాన్ని ఒకటి తగ్గించుట పాఠ్యగ్రంథాలు చెప్పే మార్గం. ఆ నిర్ణయం శాస్త్రవేత్తది. సంధాన రచన చేయవలసినదల్లా ఖాళీ గడి ఎదురైనపుడు ఆగి, ఏ వరుసలో ఏ గడి ఖాళీగా ఉన్నదో చెప్పడమే.

ఎంపిక చేసిన లైబ్రరీ నిజంగా ఏమి గణిస్తున్నదో కూడ చూడాలి. కామన్స్ మ్యాథ్ 3.6.1లోని విస్తృతి విశ్లేషణ క్లాస్ ఏక మార్గ విశ్లేషణకు మాత్రమే, అంటే సంపూర్ణ యాదృచ్ఛిక పద్ధతికి మాత్రమే తగినది. ఆర్‌బీడీ దత్తాంశాన్ని దానికిస్తే అది అభ్యంతరం చెప్పదు. సమూహాల మధ్య భేదాన్ని దోషంలో కలిపివేసి ఒక ఎఫ్ విలువను చేతిలో పెడుతుంది. నేల సారం వాలు వెంబడి మారే పొలాలలో ఆ భేదమే పెద్దది. అదే లైబ్రరీలోని రేఖీయ ప్రోగ్రామింగ్ సాధనం, ప్రత్యేకంగా నిబంధన విధించకపోతే, చలరాశులకు సున్నాకన్న తక్కువ విలువలను కూడ అనుమతిస్తుంది. దాణా మిశ్రమ గణనలో ఈ నిబంధన మరిస్తే తవుడు మైనస్ 12 కిలోలు అన్న సలహా వెలువడవచ్చు. అటువంటి తప్పు కంటికి కనబడుతుంది కనుక ఫరవాలేదు. భాస్వరం, భాస్వరపు ఆక్సైడ్ రూపాల మధ్య తికమక కనబడదు. 20 కిలోల భాస్వరం 45.8 కిలోల ఆక్సైడ్ రూపానికి సమానం. 2.29 అనే ఆ గుణకాన్ని పట్టిక ఒకసారి, జావా రచన ఒకసారి వేస్తే పేద నేల కూడ సారవంతమైనదిగా పత్రంలోనికెక్కుతుంది. ఫంక్షన్ పేరులోనే ప్రమాణాన్ని చేర్చుట దీనికి చవకైన నివారణ.

తెలుగు అక్షరాల సంగతి

గ్రామాల పేర్ల ఆధారంగా రెండు పట్టికలను కలిపేటపుడు ఒకే పేరు రెండుగా లెక్కింపబడడం తెలుగు దత్తాంశంలో తరచు ఎదురయ్యే ఇబ్బంది. 'ఐ'త్వపు గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగాను, రెండు సంకేతాల కలయికగాను వ్రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, జావా పోలికకు వేరు. జావాలోనే ఉన్న నార్మలైజర్ క్లాస్ వీటిని ఏకరూపం చేస్తుంది. దీనికి బాహ్య లైబ్రరీ అవసరం లేదు. పొల్లు తరువాత అక్షరం కలిసిపోకుండా వేసే అదృశ్య విభాజకం మాత్రం నార్మలైజర్‌కు లొంగదు. 'హైదరాబాద్‌లో' వంటి మాటల నుండి ఊరి పేరును విడదీసినపుడు ఆ విభాజకం పేరు చివర మిగిలిపోతుంది. పోల్చే ముందు దానిని విడిగా తొలగించాలి. తెలుగు అకారాది క్రమంలో పేర్లను అమర్చవలసి వస్తే ఐసీయూ4జే లైబ్రరీ నిజంగా ఉపకరిస్తుంది. పూర్వపు అను ఫాంట్లలో టైపు చేసిన జాబితాలకు ఇవేవీ పనిచేయవు. వాటిని మొదట యూనికోడ్‌లోనికి మార్చుకొనవలసినదే.

వేల సంఖ్యలో పత్రాలను పీడీఎఫ్‌గా తయారుచేయునపుడు మరొక నిర్ణయం ఎదురవుతుంది. జావాలో నేరుగా పీడీఎఫ్ వ్రాసే లైబ్రరీలు వేగవంతమైనవే. కాని అక్షర సంయోజన నియమాలను పాటించని లైబ్రరీలో 'భాస్వరం' అన్న మాటలో వత్తు విడిపోయి 'భాస్‌వరం' అని పడుతుంది. రైతు చేతికి అందే పత్రంలో అది మర్యాద కాదు. లిబ్రెఆఫీస్ 5.3 నుండి అన్ని వేదికలపైన హార్ఫ్‌బజ్ ద్వారా అక్షరాలను సంయోజిస్తున్నది కనుక, పత్రాన్ని ఓడీఎఫ్ టూల్‌కిట్ వంటి జావా లైబ్రరీతో ఓడీటీ రూపంలో నింపి, పీడీఎఫ్ మార్పిడిని మాత్రం తెరలేని రీతిలో నడిచే లిబ్రెఆఫీస్‌కు అప్పగించుట మేలు. ఇది నాలుగవ మార్గమనదగినది. ఇక్కడ జావా కార్యక్రమం బయట స్వతంత్రంగా నడుస్తుంది, దాని లైబ్రరీలు దాని వద్దనే ఉంటాయి, కార్యాలయ అనువర్తనంలో ఒక్క జార్ కూడ చేరదు. పని పెద్దదై, మనిషి తెర ముందు కూర్చొననవసరం లేనపుడు మొదటి మూడు మార్గాలకన్న ఇదే శ్రేష్ఠం.

నిర్వహణ

ఒక జార్ తరచు మరికొన్ని జార్లను కోరుతుంది, అవి ఇంకొన్నింటిని కోరుతాయి. 2021 డిసెంబరులో లాగ్4జే లైబ్రరీలో బయటపడిన తీవ్ర భద్రతాలోపం ప్రపంచమంతటా కలవరం కలిగించుటకు ప్రధాన కారణం, అది తమ కార్యక్రమాలలో ఉన్నదని చాలమందికి తెలియకపోవడమే. మరొక లైబ్రరీ వెంట నిశ్శబ్దంగా వచ్చి చేరింది. కావున ప్రయోగశాలలో వాడే ప్రతి ఎక్స్‌టెన్షన్‌కు సంబంధించి లోపలి జార్ల పేర్లు, కూర్పుల సంఖ్యలు, తెచ్చిన చోటు, తేదీ ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. జార్లను మేవెన్ సెంట్రల్ వంటి మూల నిధుల నుండి తెచ్చి సరిచూపు సంఖ్యతో పోల్చాలి. పెన్‌డ్రైవులో స్నేహితుడు ఇచ్చిన జార్‌కు ఈ పుస్తకంలో చోటు ఉండరాదు.

అనుమతి పత్రాలు కూడ ఒకేలా ఉండవు. కామన్స్ మ్యాథ్ అపాచీ 2.0 అనుమతితోను, లిబ్రెఆఫీస్ మొజిల్లా 2.0 అనుమతితోను లభిస్తాయి. మైఎస్‌క్యూఎల్ జావా చోదకం జీపీఎల్ కిందికి వస్తుంది. దానిని ఇమిడ్చిన ఎక్స్‌టెన్షన్‌ను ఇతర సంస్థలకు పంచునపుడు మూలరచనను కూడ అందించే బాధ్యతను పరిశీలించుకోవాలి. సంస్థలోపల వాడుకకు ఈ చిక్కు లేదు.

పరిశోధనా వ్యాసాల 'పదార్థాలు, పద్ధతులు' భాగంలో 'విశ్లేషణ కంప్యూటర్‌పై జరిగినది' అన్నంత మాత్రంతో సరిపెట్టే ఆచారం ఇంకా కనిపిస్తుంది. లిబ్రెఆఫీస్ కూర్పు, జావా కూర్పు, లైబ్రరీ పేరు, దాని కూర్పు, వాడిన క్లాస్, ఖాళీ మడులను ఎట్లు పరిగణించినదీ ఒక వాక్యంలో వ్రాయవచ్చు. స్నాతకోత్తర విద్యార్థి తన సిద్ధాంత గ్రంథానికి ఓడీఎస్ ఫైలును, ఎక్స్‌టెన్షన్ మూటను, పరీక్షా విలువల పట్టికను జతపరిస్తే, మూడు సంవత్సరాల తరువాత అదే ప్రయోగాన్ని కొనసాగించే మరొక విద్యార్థి మొదట ఆ పరీక్షా విలువలను నడిపి చూచుకొని, 5.72 వచ్చిన తరువాతనే తన సొంత దత్తాంశాన్ని అందులో పోయగలుగుతాడు.